పోతురాజు చెవుల కోసం నేను చేసిన పోరాటం

నిన్న నాకో ఉద్యోగం దొరికింది! నవ్వకండి. నాలుగేళ్ళుగా అప్లికేషన్లు పెట్టి పెట్టి విసిగిపోయిన మనిషికి, విజయవాడ ఏలూరు రోడ్డులో, తుపాకులు అమ్మే కొట్లో, నిలబడ్డ పాటున పని ఇచ్చేశారు. జీతం లేదు. ఇంటర్వ్యూ లేదు. అర్హత మాత్రం ఒకటుంది. అది నాకు పుట్టుకతోనే ఉందని మా బాబాయి సాక్ష్యం చెప్పాడు.

అదేం ఉద్యోగమో చెప్పాలంటే, పోతురాజుకి మిగిలిన ఒక్క చెవీ నా చేతుల్లో పోబోయిన సంగతి ముందు చెప్పాలి. టీ చల్లారితే మళ్ళీ పెట్టుకుందాం, వినండి.

హనుమాన్ జంక్షన్ దాటి గుడివాడ వైపు వెళ్తే మా బాబాయి చేపల చెరువులు మూడున్నాయి. మూడింటికీ ముగ్గురు కాపలా మనుషులు. పెద్ద చెరువు పోతురాజుది. అంటే కాపలా పోతురాజుది, చెరువు బాబాయిది. ఈ తేడా మీదే నాకూ బాబాయికీ ఆరేళ్ళుగా గొడవ.

పోతురాజుకి యాభై దాటాయి. తరతరాలుగా కొల్లేట్లో చేపలు పట్టిన ఇంటివాడు. కుర్రతనంలో బాతుల వేటకొచ్చే పెద్దమనుషులకి పడవ నడిపాడు. వాళ్ళు నాలుగు తూటాలు వృథా చేశాక తుపాకీ ఇతని చేతికిస్తే ఒక్క దెబ్బకి పిట్ట పడేదట. ఇప్పుడు వేట నేరం. పిట్టని చంపితే జైలు. అందుకని చెరువు మీద పోతురాజు చేసేదల్లా బెదిరించడమే. తెల్లవారేసరికి నీటికాకులు గుంపులు గుంపులుగా చేపపిల్లల మీదికి దిగుతాయి. ఇతను లోపలి సీసపు రవ్వలు తీసేసిన తూటా పెట్టి, బాబాయి లైసెన్సు తుపాకీ పేలుస్తాడు. ఆ లైసెన్సులో కాపలాదారుగా పోతురాజు పేరు కూడా ఉంది. ఢాం! పిట్టలన్నీ లేచిపోతాయి. పాపం, పోతురాజు చెవి ఎక్కడికి లేచిపోతుంది? అక్కడే ఉండి దెబ్బ తింటుంది. రోజుకి పది పన్నెండు దెబ్బలు, ఏళ్ళ తరబడి.

మనం మాట్లాడుతుంటే పోతురాజు మెల్లగా పక్కకి తిరుగుతాడు. కుడి బుగ్గ మనకి అప్పగించి నేల చూస్తూ వింటాడు. మొదట సిగ్గనుకున్నాను. తర్వాత పుస్తకాలు చదివాను కదా, అణచివేత అనుకున్నాను. 'కళ్ళలోకి చూడనివ్వని తరాల బానిసత్వం' అని డైరీలో రాసుకున్నాను కూడా. పోయిన నెలలో ఒకరోజు గట్టు మీద ఎడమవైపు నుంచి పిలిచాను. పలకలేదు. మూడుసార్లు పిలిచాను. అప్పుడు వెలిగింది నాకు. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"పోతురాజన్నా, ఎడమ చెవి వినపడదా?"

అతను గట్టు అటు చివరా ఇటు చివరా చూశాడు. "మెల్లగా అనండి పాపగారూ. అయ్యగారి చెవిన పడుద్ది."

"నన్ను గారూ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"చాలాసార్లు చెప్పారండి పాపగారూ."

అయ్యగారి చెవిన పడితే ఏమవుతుందో చెప్పాలి. చేపల చెరువుకి కాపలా అంటే సగం వినడమే. మబ్బు పట్టి గాలి స్తంభించిన రోజున తెల్లవారుజామున నీళ్ళలో చేపలకి ఊపిరాడదు. పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. చప్ చప్ మని సన్నటి చప్పుడు. ఆ చప్పుడు విన్న క్షణంలో పరిగెత్తి ఆయిల్ ఇంజను వేసి నీళ్ళు తిప్పితే బతుకుతాయి. గంట ఆలస్యమైతే తెల్లారేసరికి చెరువు నిండా తెల్లటి పొట్టలు. అంతకు ముందు నెలలో సరిగ్గా అదే జరిగింది. చేపలు ఎడమవైపు మూలన తేలాయి. పోతురాజుకి వినపడలేదు. ఆ మూల చేపలన్నీ పోయాయి. నిద్రపోయానని అబద్ధం చెప్పి తిట్లు తిన్నాడు. చెవి పోయిందని చెప్తే పనే పోతుంది కదా!

అయినా బాబాయి కనిపెట్టేశాడు. "నిద్రపోయేవాడైతే తిట్టి దార్లో పెడతా. వినపడని మనిషిని నీళ్ళ మీద ఎలా పెట్టను? వచ్చే వారం ఎవరినైనా చూడాలి" అని పిన్నితో అంటుంటే విన్నాను. ఇంకేముంది! అన్నం ముందు నుంచి లేచాను.

"చెరువు నీది, తుపాకీ నీది, లాభం నీది! పేలుడు మాత్రం అతని చెవిదా బాబాయ్? ముప్ఫై ఏళ్ళు ఒక మనిషి చెవిని తూటాల్లాగే వాడుకుని, ఖాళీ అయ్యాక అవతల పారేస్తావా? ఇది పిప్పిగా పిండి విసిరేసే వ్యవస్థ! శ్రమజీవి శరీరం యజమాని పనిముట్టు కాదు!"

బాబాయి మజ్జిగ కలుపుకుంటూ చివరిదాకా విన్నాడు. "బాగుందమ్మా సుజాతా. పోయినసారి కన్నా బాగుంది. చెవి వస్తుందా దీంతో?"

"ఉన్న చెవిని కాపాడే సాధనాలుంటాయి. కొనివ్వడం నీ బాధ్యత."

"సరే, నువ్వే తే. తుపాకీ పేలినా చెవికి తగలకూడదు. చేప తేలితే వినపడాలి. రెండూ కావాలి నాకు. శనివారం తెల్లవారుజామున చూస్తా. పనిచేస్తే పోతురాజు ఉంటాడు, మిగతా ఇద్దరికీ కూడా కొంటా. పని చెయ్యకపోతే ఆదివారం నుంచి కొత్త మనిషి."

అర్థమైందా? నాకైతే శనివారం పరీక్ష. అతనికి బతుకు.

సోమవారం ఆటోనగర్ వెళ్ళి, ఫ్యాక్టరీల్లో హోరు తగలకుండా చెవులకి పెట్టుకునే ఎర్ర ప్లాస్టిక్ మఫ్‌లు తెచ్చాను. పోతురాజు పెట్టుకున్నాడు. "ఎలా ఉందన్నా?" అన్నాను. పలకలేదు. పక్కనే నిలబడి మళ్ళీ అడిగాను. నా పెదాల వైపు జాలిగా చూసి, తీసేసి, "చెరువులో మునిగినట్టుందండి. తుపాకీ వినపడదు గానీ చేప కూడా వినపడదు" అన్నాడు. ఆ దారి మూసుకుపోయింది.

బుధవారం బాబాయికి వలల పని అని చెప్పి పోతురాజుని బస్సెక్కించి విజయవాడ తీసుకెళ్ళాను. సూర్యారావుపేటలో చెవి డాక్టరు పరీక్ష చేసి, బొమ్మ గీసి చూపించాడు. కుడి భుజానికి తుపాకీ పెట్టేవాళ్ళకి ముందు ఎడమ చెవే పోతుందట. కుడి చెవికి తల కొంత అడ్డం ఉంటుంది, ఎడమ చెవి గొట్టం మూతి వైపు తెరుచుకుని ఉంటుంది. "ఎడమవైపు బాగా దెబ్బతింది. అది తిరిగి రాదు. కుడిది పర్వాలేదు, దాన్ని కాపాడుకోవాలి. తుపాకీ పేల్చేవాళ్ళు ఎలక్ట్రానిక్ మఫ్‌లు వాడతారు. వాటికి బయట మైకులుంటాయి. చిన్న చప్పుడు పెంచి వినిపిస్తాయి, పెద్ద చప్పుడు ఆపేస్తాయి. తుపాకుల కొట్లో అడగండి" అన్నాడు.

ఆ మాటతో నాకు రెక్కలొచ్చాయి. ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. తుపాకుల కొట్టు అక్కడికి పది నిమిషాల దూరం. పోతురాజు నా పక్కనే ఉన్నాడు. అతని తల అతని మెడ మీదే ఉంది. అతన్ని నేరుగా బస్టాండుకి తీసుకెళ్ళి బస్సెక్కించేశాను!

"నేనూ కొట్టుకొస్తానండి పాపగారూ" అన్నాడు కూడా.

నేను రానివ్వలేదు. ఎందుకంటే నాకు తెలుసు కదా! కొట్లోకి రాగానే చేతులు కట్టుకుని 'చవకది చాలండి' అంటాడు. తక్కువతో సరిపెట్టుకోవడం అలవాటు చేసిన సమాజం. అతని తరఫున నేను నిలబడాలి. అలా అనుకుని ఒక్కదాన్నే వెళ్ళాను.

కొట్టు పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "ఎవరికమ్మా?" అన్నాడు.

"శ్రామిక వర్గానికి."

"సైజు?"

"అంటే?"

"శ్రామిక వర్గం తల సైజెంతమ్మా? పెద్దదా, చిన్నదా? తలగుడ్డ చుడతాడా? కళ్ళజోడుందా? తుపాకీ ఏ భుజానికి పెడతాడు?"

నాకు ఒళ్ళు మండింది. హక్కుల సంగతి మాట్లాడుతుంటే కొలతలడుగుతాడేంటి? "చూడండి, నేను అతని గొంతుగా వచ్చాను" అన్నాను.

"గొంతు సరేనమ్మా. దీనికి కావాల్సింది తల. మనిషిని తీసుకురా."

"ఇప్పుడే బస్సెక్కించాను."

ఆయన నిట్టూర్చి రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లటిది, సన్నగా, కింది అంచు కోసినట్టుంది. రెండోది ఆకుపచ్చది, ఒక్కో చెవి మీదా కొబ్బరి చిప్ప బోర్లించినంత. రెండింటికీ మైకులు, వాల్యూమ్ మర, చిన్న బ్యాటరీలు. "చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. పరిమితి దాటిన చప్పుడు ఏదైనా సరే, అది తుపాకీయా ఉరుమా అని చూడదు, రెప్పపాటులో మూసేస్తుంది. తగ్గాక మళ్ళీ తెరుస్తుంది" అన్నాడు.

చప్పుడు ఎంత ఆపుతుందో చెప్పే రక్షణ నంబరు ఆకుపచ్చదాని పెట్టె మీద పెద్దదుంది. "ఇది."

"అమ్మా, పెద్దది తుపాకీ పక్కన నిలబడేవాళ్ళకి బాగుంటుంది. పేల్చేవాళ్ళు సన్నదే కొంటారు."

అదుగో! అదే నేను ఎదురుచూసిన మాట. "పక్కన నిలబడే దొరలకి పెద్దది, పేల్చే కూలివాడికి సన్నదా? ఎక్కడికి పోయినా ఇదే సూత్రమా?" కొట్లో ఉన్న ఇంకొకాయన తూటాల పెట్టె వదిలేసి నన్నే చూస్తున్నాడు. పెద్దాయన ఆకుపచ్చది ప్యాక్ చేసిచ్చాడు. నా ట్యూషన్ల సంపాదన అంతా ఆ పెట్టెలోకి పోయింది. విజయగర్వంతో రోడ్డు దాటాను.

శనివారం. ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. ఆకాశం నిండా మబ్బు. ఆకు కదలడం లేదు. బాబాయి గట్టు మీద నిలబడి ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి నీళ్ళ వైపు చూస్తున్నాడు. "ఇవాళ రోజు బాగోలేదు" అన్నాడు. పరీక్ష గురించి అనుకుని నేను వినిపించుకోలేదు.

పోతురాజు తయారుగా ఉన్నాడు. తలకీ చెవులకీ కలిపి తువ్వాలు బిగించి చుట్టాడు, చలికి రోజూ చుట్టేదే. కుడి చెవి వెనక బీడీ. నేను పెట్టె విప్పి, పట్టాభిషేకం చేసినట్టు ఆ ఆకుపచ్చ చిప్పలు తువ్వాలు మీదుగా దిగలాగాను. సరిగ్గా కూర్చోలేదు. నొక్కాను. కూర్చున్నట్టే అనిపించింది. అతను ఏదో చెప్పబోయాడు.

"భయపడకన్నా. నంబరు చాలా పెద్దది" అన్నాను.

నీటికాకులు వచ్చాయి. నల్లటి గీతలా వచ్చి చెరువు మీద వంగాయి. పోతురాజు తుపాకీ ఎత్తాడు. గురి చూడాల్సిన పనే లేదు, ఆకాశంలోకి పేలిస్తే చాలు. కానీ వేటగాడి అలవాటు! బుగ్గ వంచి తుపాకీ కర్రకి ఆనించాడు. నేను చూస్తూనే ఉన్నాను. కొబ్బరిచిప్పంత ఉన్న ఆ కుడివైపు మఫ్ కర్రకి తగిలింది. తగిలి, పైకి లేచింది. చెవి బయటికొచ్చింది. కుడి చెవి! ఉన్న ఒక్క చెవి!

"అన్నా, ఆగు..."

ఢాం!

పిట్టలు లేచాయి. పోతురాజు కూర్చుండిపోయాడు. తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, మఫ్‌లు మెడ మీదికి జారి, అలాగే నీళ్ళ వైపు చూస్తున్నాడు.

"పోతురాజూ!" బాబాయి కుడివైపు మోకాళ్ళ మీద కూర్చుని పిలిచాడు. పలకలేదు.

"పోతురాజూ, ఒరే, ఇటు చూడు! వినపడుతోందా?"

పలకలేదు. బాబాయి నా వైపు చూశాడు. ఇంతకాలం నేను చదివిన పుస్తకాల్లో ఆ నిమిషంలో ఏం చెయ్యాలో ఒక్క పేజీలోనూ లేదు. కొట్టు పెద్దాయన ముఖం కనిపిస్తోంది. 'పేల్చేవాళ్ళు సన్నదే కొంటారు.' ఎంత స్పష్టంగా చెప్పాడు! బానిసత్వం చేసినన్నాళ్ళు నిలిచిన చెవిని, విముక్తి పేరుతో నేను ఒక్క పూటలో పోగొట్టానా?

ఎంతసేపైందో తెలీదు. పోతురాజు తల విదిలించాడు. "తుమ్మెద దూరినట్టు హోరుగా ఉందండి" అన్నాడు. ఇంకాసేపటికి బాబాయి మెల్లగా, "ఇంటికి పోదామా?" అంటే, "పిట్టలు మళ్ళీ వస్తాయి కదండీ" అని జవాబు చెప్పాడు.

వినపడింది! నేను గట్టు మీదే కూలబడి ఏడ్చేశాను.

"చాలమ్మా. పెట్టెలో పెట్టెయ్" అన్నాడు బాబాయి. అంటే పరీక్ష అయిపోయింది. ఆదివారం కొత్త మనిషి.

పోతురాజు మాత్రం మఫ్‌లు మెడలోంచి తీసి, చిరిగిన వల చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు. తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. చెవి వెనక బీడీ తీసి జేబులో పెట్టాడు. పైపట్టీ రెండు మెట్లు బిగించాడు. తలకి పెట్టుకుని కింద చుట్టూ వేలు తిప్పి ఎక్కడా సందు లేదని చూసుకున్నాడు. ఇంజను షెడ్డు దగ్గరున్న పంగల కర్ర తెచ్చి గట్టులో పాతి, దాని మీద తుపాకీ ఆనించాడు.

"గురి లేని తుపాకీకి బుగ్గెందుకండి? అలవాటు అంతే. దీన్నిట్టా చేతులు చాపి పేల్చచ్చు."

"వద్దన్నా! దండం పెడతా, వద్దు. చెవి పోతే?"

"ఇవాళ ఇది పని చెయ్యకపోతే రేపు పని పోద్ది. పనే పోయాక చెవుండి ఏం వింటానండి?" అని, "మొన్న కొట్టుకి నన్ను కూడా తీసుకెళ్ళుంటే ఇదంతా అక్కడే చెప్పేవాణ్ణి పాపగారూ. మీరు అడగలేదు" అన్నాడు.

చేతిలోని పెట్టెని, నంబరు కనపడకుండా తిప్పి పట్టుకున్నాను.

నీటికాకులు మళ్ళీ తిరిగొచ్చాయి. పోతురాజు చేతులు చాపాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఢాం!

కళ్ళు తెరిచేసరికి మనిషి నిలబడే ఉన్నాడు. వాల్యూమ్ మర కొద్దికొద్దిగా తిప్పుకుంటున్నాడు. ముఖంలో ఏదో వింత. "ఎక్కడో దూరంగా తలుపేసినట్టుందండి, అంతే!" అన్నాడు. తర్వాత ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇటు కూడా ఏదో వస్తోందండి. సన్నగా. ఎన్నాళ్ళయిందో!"

ఇక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథలో నాకు కాస్త గౌరవం మిగిలేది. కానీ ఊరుకుంటానా? పావుగంట భయమంతా ఒక్కసారి గొంతులోకొచ్చింది. కళ్ళు తుడుచుకుని లేచి బాబాయి వైపు తిరిగాను.

"చూశావా బాబాయ్! పనివాడి తెలివి చూశావా? ఇన్నేళ్ళు ఆ తెలివిని అడిగినవాడెవడు? అడగకపోవడమే అసలు నేరం!" అడగనిది నేనేనన్న సంగతి ఆ ఊపులో గుర్తులేదు. "ఈ గట్టు మీద ఇవాళ గెలిచింది యంత్రం కాదు, శ్రమ! శ్రమకి చెవులున్నాయి! ఆ చెవుల్ని..."

పోతురాజు కుడిచెయ్యి పైకెత్తాడు.

ఇన్నేళ్ళలో మొదటిసారి! నేను చెప్పకుండానే, తనంతట తానుగా, చెయ్యెత్తాడు! నేనూ పిడికిలి బిగించి ఎత్తాను. గొంతు ఇంకా పెంచాను. "అదీ! ఎత్తిన ఈ చెయ్యి ఇక దిగదు! ఈ నిశ్శబ్దాన్ని బద్దలు కొడదాం..."

పోతురాజు రెండో చెయ్యి కూడా ఎత్తాడు. అటూ ఇటూ ఊపుతున్నాడు. నేను కూడా రెండోది ఎత్తాను. తెల్లారీతెల్లారని వెలుగులో, చెరువు గట్టున, ఇద్దరం ఎదురెదురుగా నాలుగు చేతులూ గాల్లో పెట్టి ఊపుతున్నాం. బాబాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"కార్మిక ఐక్యత..."

"నోరు ముయ్యండి పాపగారూ!"

ఆగిపోయాను. పోతురాజు గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. తల వంచి, కళ్ళు మూసుకుని, మఫ్‌ల మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. బాబాయి ఊపిరి బిగబట్టాడు. నేనూ. నాకైతే చెరువంతా నిశ్శబ్దం.

"ఈశాన్యం మూల" అన్నాడు పోతురాజు. "తేలుతున్నాయి. ఇప్పుడిప్పుడే."

బాబాయి లుంగీ ఎగ్గట్టి ఇంజను షెడ్డుకి పరుగు. పోతురాజు అతని వెనకాలే. నేను వాళ్ళ వెనకాల, ఖాళీ పెట్టె చంకలో పెట్టుకుని, ఎందుకో తెలీకుండా. ఇంజను మూడోసారికి అందుకుంది. గొట్టంలోంచి నీళ్ళు ఎగిరిపడ్డాయి. ఈశాన్యం మూలకి వెళ్ళి చూస్తే, నీళ్ళ మీద వందల గుండ్రటి నోళ్ళు, తెరుచుకుంటూ మూసుకుంటూ. పక్కన నిలబడితే నాకూ వినపడింది. చప్ చప్ చప్. గట్టు ఆ చివర నుంచి ఈ మనిషి విన్నాడది.

పొద్దు బాగా ఎక్కాక నోళ్ళన్నీ నీళ్ళలోకి దిగిపోయాయి. ఒక్క చేప పోలేదు. బాబాయి గట్టు మీద చతికిలబడి, "పోతురాజూ, రేపు ఆదివారం. నువ్వు పొద్దున్నే పనిలో ఉండాలి, ఎక్కడికీ పోకు" అన్నాడు. మా బాబాయి భాషలో అది క్షమాపణ. పోతురాజు కుడి బుగ్గ తిప్పకుండా, ఎదురుగా నిలబడి విన్నాడు.

నాకు మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది. "అన్నా, ముందే చెప్పచ్చుగా, చేపలు తేలుతున్నాయని? నేనంతసేపు మాట్లాడుతున్నా కదా, ఎందుకు ఆపలేదు?"

"ఆపాలనే చేతులూపానండి. నాకే సరిగ్గా తెలీలేదు, అనుమానంగా ఉంది. సన్నగా చప్పుడు మొదలవుద్ది. ఇంతలో మీరు ఒక మాటంటారు. అంతే, ఇది మూసుకుపోద్ది. మళ్ళీ తెరుచుకుంటది. చేప వినపడబోద్ది. మీరు ఇంకో మాటంటారు. మళ్ళీ మూసుకుపోద్ది." మఫ్‌లు తీసి వాటి వైపు మెచ్చుకోలుగా చూశాడు. "మీ స్పీచి ఒక్క ముక్క లోపలికి రానివ్వలేదండి. తుపాకీని ఎట్టా ఆపిందో అట్టాగే ఆపింది."

బాబాయి అవి లాక్కుని తన తలకి పెట్టుకున్నాడు. "ఏదీ, అనమ్మా."

"దోపిడీ వ్యవస్థ నశించాలి!"

బాబాయి ముఖంలో దైవదర్శనమైనంత ప్రశాంతత. "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి అన్నాను. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, "ఆరేళ్ళ ముందే ఎవడైనా దీన్ని నా చేతికిచ్చుంటే కాళ్ళు మొక్కేవాణ్ణి కదమ్మా!" అన్నాడు.

ఇక నిన్న. బాబాయి మాట నిలబెట్టుకున్నాడు. ముగ్గురికీ సన్నవి కొనడానికి పోతురాజుని తీసుకుని విజయవాడ బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. నోరు మూసుకుని వెళ్ళాను, ఒట్టు. పెద్దాయన అన్ని ప్రశ్నలూ పోతురాజునే అడిగాడు. భుజం, తలగుడ్డ, గట్టు పొడవు, పిట్టలొచ్చే వేళ. పోతురాజు చేతులు కట్టుకోలేదు. చవకది చాలనలేదు. అరగంట బేరమాడి, రెండు రకాలు వద్దని తోసేసి, అన్నిటికన్నా మంచివి తీయించాడు. నా పెద్దదాన్ని కూడా మార్చి ఇప్పించాడు.

చివర్లో పెద్దాయన మూడు జతలూ బల్ల మీద పరిచాడు. "చిన్న చప్పుడు సరే, విన్నారు. పెద్ద చప్పుడుకి మూసుకుంటున్నాయో లేదో కూడా చూసుకుని తీసుకెళ్ళండి. కొట్లో తుపాకీ పేల్చకూడదు. ఎలా మరి? ఏదైనా గట్టి చప్పుడు..." అని అటూ ఇటూ వెతుకుతున్నాడు.

బాబాయీ పోతురాజూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"కానివ్వండి పాపగారూ" అన్నాడు పోతురాజు, మఫ్‌లు సర్దుకుంటూ.

గొంతు సవరించుకున్నాను. మూడూ పాసయ్యాయి. "ఈ గొంతు దీనికి పుట్టుకతోనే ఉందండీ" అన్నాడు బాబాయి. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా పరీక్షకి కబురు చేస్తానన్నాడు పెద్దాయన.